పచ్చి సరుకు, సొంత పేరు

అన్నం ఉడికిందో లేదో తెలియాలంటే ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు. సాఫ్ట్‌వేర్ విషయంలో ఆ లెక్క కుదరదు. వేల రకాల కంప్యూటర్లలో వేల మంది వాడి చూస్తే గానీ లోపాలు బయటపడవు. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులు పూర్తిగా ఉడకని సరుకును కూడా జనం ముందు పెట్టేది అందుకే. సోర్స్ కోడ్ బహిరంగమే కనుక ప్రాజెక్టుతో సంబంధం లేని వారు సైతం దాన్ని కంపైల్ చేసి, అసలు విడుదలకు ముందే 'టెస్ట్ బిల్డ్'గా పంచిపెట్టవచ్చు. లైసెన్సు ఆ హక్కు ఇస్తోంది. పేరు మీద మాత్రం హక్కు ఇవ్వదు.

ఈ తేడాను మొజిల్లా మొదట్లోనే గుర్తించింది. 2005లో ఫైర్‌ఫాక్స్ 1.5 పరీక్షా దశలో ఉన్నప్పుడు దాని మీద కనిపించిన పేరు 'డీర్ పార్క్'. ఏ రోజు కోడ్‌తో ఆ రోజు తయారయ్యే బిల్డ్‌లకు 'మైన్‌ఫీల్డ్' అని పెట్టారు. మందుపాతరల మధ్య అడుగు పెడుతున్నామని పేరే హెచ్చరించేది. ఫైర్‌ఫాక్స్ పేరు, లోగో వాడాలంటే బయటివారికి అనుమతి తప్పనిసరి. 2006లో డెబియన్‌తో పేచీ వచ్చింది ఇక్కడే. లోగో లైసెన్సు నచ్చక, తమ మార్పులకు మొజిల్లా ఆమోదం తీసుకోవడం ఇష్టం లేక డెబియన్ బ్రౌజర్ పేరునే 'ఐస్‌వీజెల్'గా మార్చేసింది. పాత పేరు తిరిగి రావడానికి 2016 దాకా పట్టింది.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో ట్రేడ్‌మార్క్ పెత్తనమేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ 2014 జనవరిలో అవాస్ట్ సంస్థ బయటపెట్టిన ఉదంతం చూడండి. అచ్చం అసలు ఫైల్‌జిల్లాలాగే పనిచేసే నకిలీ కూర్పులు వాడకందారుల లాగిన్ వివరాలను గుట్టుగా దొంగలకు చేరవేశాయి. కోడ్ అందుబాటులో ఉంది కనుకే అంత నమ్మకంగా నకలు తీయగలిగారు.

అలాగని అధికారిక ముద్ర ఒక్కటే రక్ష కాదు. 'జియా టాన్' అనే మారుపేరుతో ఓ వ్యక్తి ఏళ్ల తరబడి నమ్మకం సంపాదించి, 2024లో ఎక్స్‌జెడ్ యుటిల్స్ అధికారిక విడుదలల్లోనే దొంగదారి అమర్చాడు. ఆ గుట్టు రట్టు చేసిన ఇంజనీర్ ఆండ్రెస్ ఫ్రాయిండ్ అప్పుడు వాడుతున్నది ఇంకా స్థిరపడని డెబియన్ కూర్పు. లాగిన్‌కు అర సెకను ఎక్కువెందుకు పడుతోందని ఆయన కూపీ లాగారు. పచ్చి సరుకును ముందుగా రుచి చూసేవారు లేకుంటే ఆ దొంగదారి లెక్కలేనన్ని సర్వర్లలోకి చేరేదే.

కాబట్టి అనధికార బిల్డ్‌లను తరిమేయడం పరిష్కారం కాదు. వాటిని పంచేవారు సొంత పేరు పెట్టాలి. ఏ తేదీ కోడ్, ఏమేం మార్చారు, ఎవరు కంపైల్ చేశారు అన్నది చెప్పాలి. అదే బిల్డ్‌ను మరొకరు తయారుచేసి సరిపోల్చుకునే వీలుండాలి. వాడేవారు బ్యాంకు లావాదేవీలు జరిపే కంప్యూటర్‌కు దాన్ని దూరంగా ఉంచాలి. పరీక్షించే హక్కు అందరిదీ. దేన్ని పరీక్షిస్తున్నామో తెలుసుకునే హక్కు కూడా అంతే.