టైల్స్ పాతబడితే పగలగొట్టాల్సిందేనా?

ఈమధ్య మా గుమ్మలక్ష్మీపురంలో నలుగురం కూర్చుంటే ఎవరో ఒకరు బాత్రూం మాట ఎత్తుతున్నారు. "పాతదైపోయింది, కొట్టేసి కొత్తది కట్టించేద్దామనుకుంటున్నాం" అని. పాతదంటే పాడైపోయిందని కాదు. ఎప్పుడో వేయించిన తెల్ల టైల్స్, మధ్యలో నీలం పువ్వుల వరస, మూలన సిమెంటు తొట్టి. ఫోన్లో కనిపించే పెద్ద పెద్ద బూడిదరంగు టైల్స్ ముందు అవి వెలవెలబోతున్నాయి, అంతే. నేను మాత్రం ఒకటే అంటాను: గోడని గట్టిగా పట్టుకుని ఉన్న టైల్‌ని రంగు నచ్చలేదని పగలగొట్టకండి.

పైపూత పోతే వస్తువు పారేయడం మన ఇళ్లలో ఎప్పుడూ లేదు. ఇత్తడి గిన్నెకి కళాయి పోతే నవసాగరం వేసి, తగరం పూయించి మళ్లీ వంటకి వాడుకున్నాం. ఈ చుట్టుపక్కల సవర, జాతాపు ఊళ్లలో మట్టిగోడ వెలిసిపోతే ఎర్రమట్టితో మళ్లీ అలుకుతారు గానీ గోడ కూల్చరు. మరి టైల్స్ దగ్గరకొచ్చేసరికి మనకి సుత్తే ఎందుకు గుర్తొస్తోంది?

కొట్టడం మొదలుపెడితే అది టైల్స్‌తో ఆగదు. టైల్‌తోపాటు గోడ ప్లాస్టరింగ్ ఊడొస్తుంది, లోపలి పైపు పగులుతుంది, తాపీమేస్త్రి వెనకే ప్లంబర్ వస్తాడు. కొత్త సామాను పార్వతీపురం నుంచి తెప్పించుకోవాలి. పెంకుల గుట్ట చివరికి ఏ గెడ్డ ఒడ్డునో తేలుతుంది. వీటన్నిటికంటే ముఖ్యమైంది ఇంకోటుంది. మనలో చాలామంది ఇళ్లలో ఉన్నది ఒక్కటే బాత్రూం. పని సాగినన్నాళ్లూ మగవాళ్లు బోరింగు దగ్గర రెండు చెంబులు పోసుకుని వచ్చేస్తారు. మనమెక్కడికెళ్లాలి? నెలసరి రోజులైతే? వయసొచ్చిన ఆడపిల్ల ఉంటే? మోకాళ్ల నొప్పుల అత్తగారుంటే? ఈ లెక్క మేస్త్రి ఇచ్చే అంచనా కాగితంలో ఉండదు. అందుకే ఈ విషయంలో మొదటి మాట మనదే కావాలి.

ముందు టైల్స్‌ని వేలితో కొట్టి చూడండి. గట్టిగా పలికితే బాగున్నట్టు. డొల్లగా పలికినవి మాత్రమే తీసి మళ్లీ అతికించాలి. చాలా బాత్రూంలు పాతగా కనిపించేది టైల్ వల్ల కాదు, మధ్య సందుల్లో నల్లబడ్డ గ్రౌట్ వల్ల. అది గీకించి కొత్త గ్రౌట్ పెట్టిస్తే ఆరేదాకా ఓ రోజు ఓపిక పడితే చాలు. ఎపాక్సీ గ్రౌట్ ఖరీదెక్కువ గానీ నీళ్లు పీల్చదు, తొందరగా మరక పట్టదు. తెల్లటి ఉప్పు చారలకి నిమ్మరసమో వెనిగరో చాలు, పాలరాయికి మాత్రం అవి తగలకూడదు. రంగే మార్చాలనుకుంటే టైల్స్ మీద వేసే ఎపాక్సీ పెయింట్ ఉంది. జిడ్డు వదిలేలా కడిగి, నునుపు పోయేలా రుద్ది, ప్రైమర్ వేశాకే అది నిలుస్తుంది. గోడలకి సరే, నేలకి వద్దు. అరిగిపోతుంది, జారుతుంది కూడా. పూర్తిగా గట్టిపడటానికి కొన్ని రోజులు పడుతుంది కాబట్టి ఇంటిల్లిపాదీ ఊరెళ్లేటప్పుడు పెట్టుకోండి. తొట్టిని నాచు గీకి, వాటర్‌ప్రూఫ్ మందు కలిపిన సిమెంటు పూయించండి. వారానికోసారి ఖాళీ చేసి తోమి ఆరబెట్టండి, దోమలు గుడ్లు పెట్టకుండా.

ఒక్క జాగ్రత్త. యాసిడ్ పోస్తే టైల్ తెల్లబడుతుందేమోగానీ గ్రౌట్ తినేస్తుంది. యాసిడ్, బ్లీచింగ్ కలిస్తే క్లోరిన్ గ్యాస్ పుడుతుంది. తలుపేసుకుని ఆ పని చేసేది మనమే కదా! పాత పూత ఊడదీసే రసాయనాలూ అలాంటివే. అమెరికాలో బాత్‌టబ్బులకి మళ్లీ పూత వేసే పనిలో మిథిలీన్ క్లోరైడ్ ఆవిరి పీల్చి 2000 నుంచి 2011 మధ్య 13 మంది చనిపోయారు. తలుపు, కిటికీ బార్లా తీసి ఉంచకుండా ఏ పనివాడినీ లోపలికి పంపకండి.

గోడ అవతలి వైపు చెమ్మ దిగుతున్నా, నేల వాలు తప్పి నీళ్లు నిలుస్తున్నా కొట్టించాల్సిందే. అక్కడ పైపూత వేస్తే రోగం దాచినట్టే.

అలా కానప్పుడు మిగిలిన డబ్బుతో గోడకి ఓ పట్టుకడ్డీ బిగించండి, జారని నేల వేయించండి, అవసరమైతే అత్తగారికో కమోడ్ పెట్టించండి. చుట్టాలు మెచ్చుకునే బూడిదరంగు కంటే ఇంట్లో పెద్దావిడ పడకుండా స్నానం చేసి రావడం గొప్ప కాదూ? మీ ఇంట్లో ఈ మాట వచ్చినప్పుడు సుత్తి కంటే ముందు మీ గొంతు వినిపించండి.