భూటాన్‌కు మూడు, మనకు ఒక్కటీ బరువా?

నేను చదివింది తమిళ మీడియం, తెలుగు ఇంట్లో నేర్చింది. తప్పులుంటే సర్దుకోండి.

పోయిన కమిటీ మీటింగులో, ఉగాదిని చిత్తిరై పండగతో కలిపి ఒకే ఆదివారం చేసేద్దాం, హాలు బాడుగ మిగులుతుంది అన్నారు. ఆ రోజు నేను నోరెత్తలేదు. ఇప్పుడు చెబుతాను.

రిటైరయ్యాక రైల్వే పాసు మీద హాసిమారా స్టేషన్ దాకా పోయి, అక్కడినుంచి రోడ్డుదారిన భూటాన్ చూసి వచ్చాము, నేనూ మా ఇంటావిడా. వాళ్ళ లోసర్ సమయం. లోసర్ అంటే కొత్త సంవత్సరం. చాంద్రమానం లెక్కన ఫిబ్రవరిలోనో మార్చిలోనో వస్తుంది. ఇంటింటా చెరుకు, అరటిపళ్ళు. మగవాళ్ళు విల్లంబులు పట్టుకొని మైదానానికి పోతారు. గురి దాదాపు 145 మీటర్ల దూరంలో ఉంటుంది. నాకు ఆ పలకే సరిగ్గా కనపడలేదు! బాణం తగిలితే జట్టంతా పాడుతూ ఆడుతుంది.

మా లాడ్జి కుర్రవాడు మాత్రం మామూలుగా పని చేసుకుంటున్నాడు. అడిగితే, "మాది నెల ముందే అయిపోయింది సార్" అన్నాడు. తూర్పు భూటాన్ వాడు. వాళ్ళకు పన్నెండో నెల మొదటి రోజే కొత్త సంవత్సరం, చునిపా లోసర్. పడమటివాళ్ళకు జనవరి 2న న్యిలో. హా లోయవాళ్ళు వీళ్ళందరికన్నా ముందే లోంబా చేసి, బక్‌వీట్ పిండితో మన కొళుకట్టల్లాంటివి చేసుకుంటారు. పది లక్షల జనం కూడా లేని దేశం. న్యిలోకు, చునిపాకు, లోసర్‌కు మూడింటికీ సర్కారు సెలవే. అన్నీ కలిపి ఒక ఆదివారం చేద్దామని ఎవరూ అనలేదు.

ఇంకొకటి. వాళ్ళదీ అరవై ఏళ్ళ చక్రమే. దాని పేరు రబ్‌జుంగ్, అర్థం మన 'ప్రభవ'. తమిళులదీ అదే ప్రభవ. లెక్క ఒకటే, రోజులు వేరు. అందులో తగువేముంది?

సర్వీసంతా సెలవుల లిస్టు టైపు చేసిన చేతులివి. తమిళనాడు ప్రభుత్వమే తెలుగు వరుషప్పిరప్పు అని మనకు వేరే సెలవు ఇస్తోంది. వాళ్ళు వేరుగా ఇచ్చినదాన్ని మనమే కలిపేస్తామా?

బాడుగ కష్టం నిజమే, కాదనను. హాలు వద్దు. పాడ్యమి పొద్దున ఆరున్నరకు మా మిద్దె మీదికి రండి, ఎనిమిదికల్లా ఎవరి పనికి వాళ్ళు పోవచ్చు. పదిమంది వచ్చినా చాలు. వేపపువ్వు, కొత్త బెల్లం నావి. పంచాంగం చదివేవాళ్ళు ఎవరైనా పేరు ఇవ్వండి.