మందు మన చేలోకి రాకముందే మన రంగులోకి వచ్చింది

పైన వీడియో చూసి "రంగుల సంగతి రైతుకెందుకన్నా" అనొచ్చు మీరు. నా లెక్కలో ఇది సేద్యం మాటే.

శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్ళు నలుపు ఎట్లా చేస్తారో చూడండి. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్ళు కుండలో వేసి రెండు మూడు వారాలు పులియబెడతారు. దాన్ని కసిమి అంటారు. గుడ్డను ముందే కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెట్టి ఉంటారు. పాలెందుకంటే గీత పాకకుండా. ఆ గుడ్డ మీద కసిమితో గీస్తే, కరక్కాయ వగరూ ఇనుమూ కలిసి నల్లగా తేలుతుంది. జీవామృతానికి బెల్లం కలిపే మనకు ఇదేమీ తెలీని విద్య కాదు.

ఎరుపుకు చిరివేరు, పటిక. నీలానికి నీలి ఆకు. కడప నీలి ఒకప్పుడు ఓడలెక్కి పరదేశాలకు పోయింది. 1869 నాటికి చిరివేరులో ఉండే అలిజరిన్‌నే జర్మన్లు బొగ్గు తారు సరుకు నుంచి చేసేశారు. 1897లో బిఎఎస్‌ఎఫ్ కంపెనీ ఫ్యాక్టరీ నీలిని అమ్మకానికి పెట్టింది. కొన్నేళ్ళలోనే మన నీలి రైతు బేరం పడిపోయింది. అదే కంపెనీ 1913లో గాలిలోని నత్రజనితో అమోనియా చేయడం మొదలుపెట్టింది. రసాయన ఎరువులకు మూలం అదే కదా! ఇప్పుడు కలంకారీలో కూడా ఎరుపుకు చాలాచోట్ల అలిజరిన్ పొడే వాడతా ఉన్నారు.

అందుకని రంగు పంటలతో లక్షలొస్తాయని చెప్పేవాళ్ళను నమ్మొద్దు. కొనేవాళ్ళతో ముందే మాట్లాడుకోకుండా ఎకరాలకెకరాలు వేస్తే, సంతలో టమోటాకు పట్టే గతే దానికీ పడుతుంది.

అయితే నీలి పప్పుజాతి మొక్క. రంగు అమ్ముడుపోకపోయినా నేలకు నత్రజని ఇస్తుంది. ఆకు ఒక రాత్రి నానబెట్టి, ఆ నీళ్ళను బాగా చిలికితే నీలం అడుగున పేరుకుంటుంది. మిగిలిన పిప్పి మళ్ళీ చేనికే ఎరువు. సోమల, పుంగనూరు వైపు మనం టమోటా చుట్టూ ఎర పంటగా బంతి వేస్తాం కదా, ధర లేనప్పుడు ఆ పూలు రోడ్డు పక్కన పోసి వస్తాం. వాటిని నీడన ఎండబెట్టి, ఉడకబెట్టి, పటిక వేస్తే మంచి పసుపు రంగొస్తుంది. ఈసారి పారబోసే ముందు ఒక తట్టెడు పూలు తీసిపెట్టి, ఇంట్లో పాత నూలు పంచె మీద వేసి చూడండి.