ఎండల సీమలో ఉన్ని యల్లిక

కృష్ణా తుంగభద్రల నడుమనున్న మా నడిగడ్డలో మే మాసమున ఎండ 40 డిగ్రీలు దాటును. అట్టి సీమలో ఒక గృహిణి ఒడిలో ఉన్ని యుండయు, చేత రెండు సూదులును పట్టుకొని కూర్చుండుట చూచువారికి నవ్వు పుట్టించుట సహజమే. "వదినా, ఈ స్వెట్టరు సూర్యభగవానునికా?" అని మా ఆడపడుచు ప్రతి వేసవిలోను తప్పక అడుగును. ఇరువది యేండ్లుగా అడుగుచున్నది. ఆమె పుట్టినింటికి వచ్చునది వేసవి సెలవులలోనే గాని పుష్యమాసమున కాదు. పుష్యమాసమున తెల్లవారుజామున నదిమీది గాలి వీచునపుడు మా గద్వాల వీధులలో పాలవాడు తలకు మఫ్లరు చుట్టుకొనియే వచ్చును. నాగర్ కర్నూలు జిల్లాలో అమ్రాబాదు పీఠభూమి యెక్కి మన్ననూరు చేరినచో ఆ చలి యింకను హెచ్చు. ఇప్పుడు గద్వాల, వనపర్తి, నాగర్ కర్నూలు మూడు జిల్లాలైనవి. 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీ వరకు మాకందరికిని పాలమూరు ఒక్కటే జిల్లా. మా బంధువర్గము మాత్రము ఈ మూడింటను చెదరియున్నది గనుక నా యల్లికయు ఈ మూడు జిల్లాలలో తిరుగుచుండును.

తిరుగుట యనగా నిజముగా తిరుగుటయే. గద్వాలలో రైలెక్కి కృష్ణ దాటి వనపర్తి రోడ్డు స్టేషనులో దిగుసరికి నాకు మేజోడు పైపట్టీ సగము పూర్తియగును. ఈ "రోడ్డు" అను మాట క్రొత్తవారిని చాల మోసపుచ్చును. ఆ స్టేషను మదనాపురమున నున్నది. వనపర్తి పట్టణము చేరుటకు మరల నొక ఆటోనో బస్సునో చూచుకొనవలయును. ఆ నిరీక్షణలో మరి నాలుగు వరుసలు. పని లేక కాదు, పనికిని పనికిని నడుమ నున్న సందులలో అల్లుదానను నేను. పప్పు ఉడుకు వరకు ఆరు వరుసలు. కరెంటు పోయిన రాత్రి చీకటిలో సీదా కుట్టు వ్రేళ్లకే తెలియును గనుక ఎన్ని వరుసలైనను సరే. ఉల్టా కుట్టు మాత్రము వెలుతురు కోరును.

ఇక ఉన్ని సంగతి. దుకాణమున "ఊలు" అని యడిగిన వారిచ్చునది పెక్కు మారులు ఉన్ని కానే కాదు. నేలనూనెనుండి తీసిన ఆక్రిలిక్కు దారము. దానిని నేను నిందింపను. వెల తక్కువ, రంగు నిలుచును, ఎన్నిసార్లు ఉదికినను ముడుచుకొనదు. కాని పొయ్యి దగ్గర మెలగువారికి అది తగదు. పరీక్ష సులభము. వ్రేలెడు పోగును పట్టకారుతో పట్టి దీపమున చూపుడు. నిజమైన ఉన్నియైనచో వెండ్రుక కాలిన వాసన వచ్చి, నలిపిన బూడిదయగును. ఆక్రిలిక్కైనచో కరగి, చల్లారిన పిమ్మట గట్టి నల్లపూస వలె నిలుచును. ఆ కరగినది చర్మమున కంటుకొనుట యెంత ప్రమాదమో చెప్ప నక్కరలేదు.

మా ప్రక్క యిల్లు నేతవారిది. గద్వాల చీర యెరుగని తెలుగు స్త్రీ యుండదు గదా! నూలు నేతకు పట్టు అంచును, పట్టు కొంగును కలుపు ఆ కుప్పడపు పనిలో మూడు నాడెలు ఆడవలయును. అందుచేత మగ్గముకడ ఇద్దరు కూర్చుండుట పరిపాటి. ఆ యింటి కోడలు ఒకనాడు నా సూదులవంక చూచి, "అక్కా, పడుగు లేదు, పేక లేదు, ఒక్క దారముతోనే గుడ్డ యెట్లయితది?" అని యడిగెను. ఎంత మంచి ప్రశ్న! నేతలో పడుగు నిలువుగా, పేక అడ్డముగా తిన్నగా సాగిపోవును. అల్లికలో తిన్ననిది ఒక్కటియు లేదు. ఒకే దారము ఉచ్చు వెనుక ఉచ్చుగా వంగి, పై వరుస ఉచ్చు క్రింది వరుస ఉచ్చులోనుండి దూరి వచ్చును. లాగినచో ఆ వంపులు సాగును, వదలినచో మరల దగ్గరకు వచ్చును. కనుకనే నేత గుడ్డను శరీరమునకు తగినట్లు కత్తిరించి కుట్టవలసియుండగా, అల్లిన మేజోడు దానంతట అదియే పాదమును పట్టుకొనును. మగ్గముతో పోల్చిన అల్లిక నిన్నమొన్నటిది. ఈజిప్టులో దొరకిన అతి ప్రాచీనమైన అల్లిక తునకలు సుమారు వేయి సంవత్సరములనాటివి మాత్రమే. మేజోళ్లు అల్లు యంత్రమును ఇంగ్లండున విలియం లీ యనునతడు 1589లోనే కనిపెట్టెను. చేతి సూదులు అప్పుడే అంతరింపవలసినది, అంతరింపలేదు!

నేను ఈ మాటలు చెప్పుచుండగా ఆ కోడలు చేయి ఆపలేదు. రాట్నముపై కండెలు చుట్టుచునే యున్నది. చీర వెలలో మగ్గముపై కూర్చున్నవానికి కూలి కట్టుదురు. కండెలు చుట్టినదానికి వేరుగా కట్టరు. ఈ సంగతి మరల ఎత్తెదను.

మా సీమలో ఉన్ని లేకపోలేదు. మనము మరచితిమి గాని దక్కని నల్లగొర్రె మనదే. కురుమవారు గొర్రెల బొచ్చు కత్తిరించి, ఏకి, వడికి, గుంటమగ్గముపై గొంగడి నేయుట తరతరములనుండి యున్నది. వడకుట ఆడువారి పని, నేయుట మగవారి పని. పడుగునకు చింతగింజల గంజి పెట్టి బిరుసెక్కింతురు. రంగు వేయ నక్కరలేదు. గొర్రె నలుపే గొంగడి నలుపు. వానలో కాపరి దానిని కొప్పెరగా వేసుకొనినచో నీరు వెంటనే లోనికి దిగదు. తడిసినను వెచ్చదన మంతయు పోదు. ఎండలో దానిని తలపై వేసుకొన్న ముసలివారిని చూచి నవ్వువారు కలరు. చలిని రానీయని దట్టమైన ఉన్ని ఎండవేడిమినిమాత్రము రానిచ్చునా?

నాగర్ కర్నూలు ప్రాంతమున మా పెద్దమ్మగారి యూరిలో ఒక కురుమ అవ్వ యున్నది. ఎనుబది యేండ్లకు దగ్గర. నేను ఉన్ని కొనెదనని పోగా ఆమె నవ్వి, "ఇది ఎవరు కొంటరు బిడ్డా? కత్తిరిచ్చెటోనికి మనమే పైసలిచ్చి, బొచ్చు గట్టుమీద పారేస్తున్నం" అనెను. ఆ మాట నిజము. మిల్లు కంబళ్లు, ప్లాస్టిక్ కప్పులు వచ్చినవి, గొంగడికి గిరాకి తగ్గినది. మాంసమునకు మాత్రము వెల యున్నది గనుక కాపరులు బొచ్చు లేని నెల్లూరు జాతి పొట్టేళ్లను మందలలో దింపుచున్నారు. రెండు మూడు తరముల గొర్రెలు గడచునప్పటికి మందలో ఉన్ని ఉండదు. ఉన్ని లేనపుడు వడకు చేయి ఏమి చేయును? ఆ అవ్వ కోడండ్రకు వడకుట రాదు. రావలసిన అవసరమును వారికి కనబడలేదు. వారిని తప్పు పట్టుటకు నాకు నోరు రాదు.

అవ్వ వడికిన దారము అల్లికకు పనికి వచ్చునా యని మీరడుగవచ్చును. కొంత వచ్చును, కొంత రాదు. ఇది ముతుక, చర్మమునకు గరగరలాడును. పసిబిడ్డకు దీనితో అంగీ అల్లుట క్రూరత్వమే యగును. ఆసనములు, సంచులు, గుమ్మము ముందరి పట్టలు, పైన తొడుగుకొను చేతులు లేని కోట్లు, వీనికి ఇంతకంటె గట్టిది లేదు. మరియొక సూక్ష్మము కలదు. గొంగడికి వడికినది ఒంటిపోగు, బిగువైన పురి. నేతలో పడుగు పేకలు ఒకదానినొకటి పట్టియుంచును గనుక పురి బాధింపదు. అల్లికలో ఆ పురి విప్పుకొనజూచి గుడ్డను ఒక ప్రక్కకు ఒరగించును. నలుచదరముగా అల్లినది సాగిన ముక్కవలె వంకరపోవును. కనుక రెండు పోగులను కలిపి, వడికినప్పటి పురికి ఎదురు దిక్కున మరల పురిపెట్టవలయును. నేను నోరు విప్పకమునుపే అవ్వ ఆ సంగతి గ్రహించి, కదురును ఎడమకు త్రిప్పి చూపెను. సూదులతో అల్లుట ఆమె యెన్నడును చూడలేదు. దారము మాత్రము ఆమె యెరుగును.

పిదప ఆ దారమును గోరువెచ్చని నీట నానబెట్టి, పిండక ఒత్తి, బరువు కట్టకయే నీడన ఆరవేయుదును. జిడ్డు కొంత మిగిలినను చింత లేదు. నీరు దిగనీయనిది ఆ జిడ్డే.

మెత్తని నూలుదారముతో నేను అల్లునది శిశువుల టోపీలు. ఎండ సీమలో టోపీ యెందులకనువారు దీనిని వినవలయును. అప్పుడే పుట్టిన శిశువునకు శరీరముతో పోల్చిన తల పెద్దది. తడి తలనుండి వేడిమి త్వరగా పోవును. నెలలు నిండకయో 2500 గ్రాములకు తక్కువ తూకముతోనో పుట్టిన బిడ్డ తన వేడిమిని తాను నిలుపుకొనలేదు. 1978లో కొలంబియా దేశపు బొగొటా నగరమున, పెట్టెలు చాలని యాసుపత్రిలో, బిడ్డను తల్లి రొమ్మున చర్మమునకు చర్మము తగులునట్లు కట్టియుంచు పద్ధతి నారంభించిరి. దానినే కంగారూ పద్ధతి యందురు. ఇప్పుడు మన ప్రభుత్వ వైద్యశాలలలోను కలదు. అందు బిడ్డకుండు బట్టలు తలకు టోపీ, కాళ్లకు మేజోళ్లు, మొలగుడ్డ, అంతే.

పద్ధతి యిది. 4 మిల్లీమీటర్ల సూదులు (పాత లెక్కలో 8వ నంబరు, ఆ లెక్కలో నంబరు పెరిగినకొలది సూది సన్నమగును). 4 అంగుళములకు 22 కుట్లు వచ్చు దారము. 64 కుట్లు ఎక్కించి, రెండు సీదా రెండు ఉల్టాగా ఒక అంగుళము పట్టీ అల్లవలయును. పిమ్మట ఒక వరుస సీదా, ఒక వరుస ఉల్టాగా మొదటినుండి 4 అంగుళములు వచ్చువరకు. ఇప్పుడు సీదా వరుసలో 6 కుట్లు అల్లి రెండింటిని కలిపి ఒకటిగా చేయుచు చివరివరకు పోయిన 56 కుట్లు మిగులును. ఉల్టా వరుస మామూలుగా. తరువాతి సీదా వరుసలో 5 అల్లి రెండు కలుపుట, ఆ తరువాత 4 అల్లి రెండు కలుపుట, ఇట్లు 8 కుట్లు మిగులువరకు తగ్గించి, దారము త్రెంచి ఆ యెనిమిదింటిలో దూర్చి బిగించి, ప్రక్క కుట్టవలయును. బొత్తాములు, రిబ్బనులు, ఊగు దారములు వలదు. పసివాని చేతికి చిక్కును, నోటికి పోవును. బిడ్డ బలిసి యింటికి వచ్చిన పిదప వేసవిలో టోపీ పెట్టి పండబెట్టవలదు. అప్పుడు వేడిమి హెచ్చుటయే ప్రమాదము. ఆసుపత్రికి ఇచ్చుటకు ముందు నర్సమ్మను అడుగుడు. ఉదికి, ఎండలో ఆరవేసి ఇండు.

ఇక వెల మాట. "ఊరకే కూర్చున్నావు గదా, మా మనుమనికి ఒకటి అల్లిపెట్టరాదా?" అను మాట మీలో వినని వారెవరు? నా యొద్ద ఒక నోటుపుస్తకము కలదు. అందు ప్రతి పనికిని పట్టిన గంటలు వ్రాసియుంచుదును. ఏడాది బిడ్డ స్వెట్టరునకు నా చేత ఇరువది గంటలకు పైగా పట్టును. పెద్దవారి దానికి అంతకు రెండింతలు దాటును. బజారులో యంత్రపు స్వెట్టరు దారపు వెలకే దొరకుచున్నదని చెప్పి, అదే వెల నా యెదుట పెట్టువారికి ఆ పుస్తకము తీసి చూపెదను. వారు నొచ్చుకొందురు. నొచ్చుకొననిండు.

ఇది నా యొక్కదాని తగవు కాదు. గోదావరి జిల్లాలలో నరసాపురము చుట్టుపట్ల వేలకొలది స్త్రీలు కొక్కెపుసూదితో లేసు అల్లి విదేశములకు పంపు వర్తకులకిచ్చుచున్నారు. దొరసాను లగు మిషనరీలు పందొమ్మిదవ శతాబ్దమున నేర్పిన విద్య అది. జర్మనీ దేశపు పండితురాలు మరియా మీస్ అక్కడికి వచ్చి, వారి గూర్చి 1982లో ఒక గ్రంథము ప్రకటించెను. ఆమె చూపిన దేమనగా, దినమున ఆరేడు గంటలు లేసు అల్లుచున్న ఆడువారిని అందరును, వారి యింటివారును, "గృహిణులు" అనియే చెప్పుదురు. వారి పని తీరికవేళ కాలక్షేపమని లెక్క. కాలక్షేపమునకు కూలి ఎక్కువ ఈయనేల? వర్తకము మాత్రము కాలక్షేపముగా సాగలేదు. మా ప్రక్కింటి కోడలి కండెలును, అవ్వ కదురును నాకు ఆ పుస్తకము పేరు వినినప్పుడెల్ల జ్ఞప్తికి వచ్చును.

నేను చేసికొన్న కట్టుబాటు ఇది. శిశువుల టోపీలకును, ఇంటివారికిని వెల లేదు. తక్కినవారు అడిగినచో దారము వెల వేరు, గంటల వెల వేరు. అవ్వ దారమునకు ఆమె చెప్పిన వెలయే, బేరము లేదు. ఆమె మొదట చెప్పిన వెల మరీ తక్కువయైనందున, "ఒక ఉండ వడకుటకు ఎన్నినాళ్లు పట్టును అవ్వా?" అని లెక్క వేయించితిని. ఆమె వ్రేళ్లపై లెక్కించి, చాలసేపు ఊరకుండి, వెల పెంచెను.

ఈ సారి రెండు కిలోల నల్ల ఉన్ని తెచ్చితిని. నాలుగు ఆసనములకు సరిపోవును. వచ్చే మాసమున మేజోడు మడమ త్రిప్పు విధము వ్రాసెదను. నాలుగు సన్నని సూదులు, 10వ నంబరువి, సిద్ధపరచుకొనుడు.