పరుపు కొనేముందు... ఓసారి పడుకుని చూడండి!

ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అన్నారు పెద్దలు. మొదటి మాటను గోంగూర, పండుమిరప పచ్చడి రుచి తెలిసిన గుంటూరు, ప్రకాశం జనం ఒప్పుకుంటారో లేదో గానీ, రెండోదానికి మాత్రం చిన్న సవరణ అవసరం. నిద్ర సుఖమెరగదేమో... నడుము ఎరుగుతుంది! రాత్రంతా ఎలా పడుకున్నామో, దేనిమీద పడుకున్నామో తెల్లారి మంచం దిగగానే లెక్క చెబుతుంది.

అయినా పరుపు కొనేటప్పుడు నడుమును ఎవరడుగుతారు? చెప్పులు కొంటే కొట్టులోనే నాలుగడుగులు వేసి చూస్తాం. చొక్కా అయితే భుజాల దగ్గర పట్టేస్తుందేమోనని తొడుక్కుని చూస్తాం. పరుపు దగ్గరికి వచ్చేసరికి అరచేత్తో రెండుసార్లు నొక్కి 'మెత్తగానే ఉంది' అని డబ్బులు కట్టేస్తాం. రోజుకు ఎనిమిది గంటల లెక్కన పదేళ్లకు 29 వేల గంటలు గడపబోయే చోటు అది. దాన్ని ఎంచుకునేది మాత్రం అరచెయ్యి!

నిజానికి ముందు వేసుకోవాల్సిన ప్రశ్న పరుపు గురించి కాదు, మన గురించి. మీరు ఎలా పడుకుంటారు? వెల్లకిలా, ఒక పక్కకు ఒత్తిగిలా, బోర్లానా? నిద్రలో ఉన్నవాళ్లకు తమ సంగతి తెలియదు కాబట్టి ఈ ప్రశ్న ఇంట్లోవాళ్లను అడగండి. జవాబును బట్టే పరుపు.

రాయిలా ఉంటేనే మంచిదా?
'నడుంనొప్పా? పరుపు తీసేసి బల్లమీద పడుకో' అనే సలహా ప్రతి ఊళ్లోనూ వినిపిస్తుంది. ఇందులో సగమే నిజం. మన వెన్నెముక నిటారు కర్ర కాదు. మెడ దగ్గర లోపలికి, వీపు దగ్గర బయటికి, నడుము దగ్గర మళ్లీ లోపలికి వంపు తిరిగి ఉంటుంది. బల్లమీద పడుకుంటే వీపు, పిరుదులు ఆనతాయి. నడుము కింద మాత్రం ఖాళీ మిగులుతుంది. బాగా మెత్తని పరుపు మీద ఇందుకు విరుద్ధం. బరువైన పిరుదులు దిగబడిపోయి వెన్ను ఉయ్యాలలా వంగిపోతుంది. రెండూ ఇబ్బందే.

ఈ సంగతిని స్పెయిన్ పరిశోధకులు లెక్క ప్రకారం తేల్చారు. చాలాకాలంగా నడుంనొప్పితో బాధపడుతున్న 313 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు గట్టి పరుపులు, రెండో జట్టుకు మధ్యరకం గట్టిదనం ఉన్న పరుపులు ఇచ్చారు. 90 రోజుల తర్వాత చూస్తే మధ్యరకం మీద పడుకున్నవాళ్లే ఎక్కువ తేరుకున్నారు. పడుకున్నప్పుడు నొప్పి, లేవగానే నొప్పి, పగటిపూట పనికి ఇబ్బంది... అన్నింటా వాళ్లదే పైచేయి. 2003లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనమిది.

అలాగని మధ్యరకమే అందరికీ ఒకే మందు కాదు. పడుకునే తీరును బట్టి కాస్త ఇటూ అటూ జరపాలి.

పక్క తీరు, పరుపు తీరు
ఒత్తిగిలి పడుకునేవాళ్లు: పెద్దవాళ్లలో ఎక్కువమంది ఈ బాపతే. డెన్మార్క్‌లో 664 మంది ఒంటికి కదలికల్ని కొలిచే పరికరాలు అమర్చి చూస్తే, మంచం మీద గడిపే సమయంలో సగానికి పైగా పక్కకు తిరిగే ఉన్నారని 2017లో తేలింది. పక్కకు తిరిగినప్పుడు బరువంతా భుజం మీద, తుంటి మీద పడుతుంది. ఆ రెండుచోట్లా పరుపు కొంచెం దిగాలి, మధ్యలో నడుమును మాత్రం మోయాలి. కాబట్టి మధ్యరకంలో కాస్త మెత్తనిది, మందంగా ఉన్నది మేలు. పొద్దున లేచేసరికి కిందిభుజం పట్టేసినట్టుంటే పరుపు మరీ గట్టిగా ఉందని అనుమానించొచ్చు. దిండు చెవికీ భుజం అంచుకూ మధ్య ఖాళీని నింపేంత ఎత్తు ఉండాలి. మోకాళ్ల మధ్య ఇంకో చిన్న దిండు పెట్టుకుంటే తుంటికి హాయి.

వెల్లకిలా పడుకునేవాళ్లు: వీళ్లకు అచ్చంగా మధ్యరకం సరిపోతుంది. దిండు పలచగా ఉండాలి. రెండు దిండ్లు పేర్చుకుంటే గడ్డం ఛాతీకి తగిలి మెడ పట్టేస్తుంది. మోకాళ్ల కింద దుప్పటి చుట్టి పెట్టుకుంటే నడుము మీద లాగుడు తగ్గుతుంది. గురక ఉన్నవాళ్లకు మాత్రం వెల్లకిలా కన్నా పక్కకు తిరగడమే మంచిది.

బోర్లా పడుకునేవాళ్లు: మెడ ఒకవైపు తిప్పి గంటల తరబడి ఉంచాలి కాబట్టి ఈ అలవాటు మానుకోగలిగితే మేలు. మానలేకపోతే పరుపు కాస్త గట్టిదే తీసుకోవాలి. మెత్తని పరుపులో పొట్ట కిందికి జారి నడుము విల్లులా వంగుతుంది. తలకింద దిండు వద్దు, ఉన్నా బాగా పలచనిది. పొట్ట కింద చిన్న దిండు పెట్టుకోవచ్చు.

ఒంటి బరువు కూడా లెక్కే. సన్నని మనిషికి గట్టిగా అనిపించే పరుపే భారీ మనిషికి మెత్తగా అనిపిస్తుంది. పక్కింటివాళ్లకు బాగుందని అదే కొనేస్తే కుదరదు. ఇంకో సంగతి... మన కారం కూరలు తిన్న రాత్రి గుండెల్లో మంట రేగితే కుడిపక్క కన్నా ఎడమపక్కకు తిరిగి పడుకుంటే తగ్గుతుంది. ఏడో నెల దాటిన గర్భిణులు పక్కకు తిరిగే నిద్రపోవాలని వైద్యుల సలహా.

కొలతకు కుట్టిన పరుపు
ఇప్పుడు కంపెనీలు 'మీకోసమే ప్రత్యేకంగా' అంటూ ప్రకటనలిస్తున్నాయి గానీ, మన పత్తి నేలకు అది పాతముచ్చటే. దూదేకులవారు విల్లు భుజాన వేసుకుని వీధిలోకి వచ్చేవారు. ఇంటి అరుగు మీదే పాతపరుపు విప్పి, గట్టిపడ్డ దూదిని పరిచి, విల్లుతాడును కొయ్యగుండుతో మీటుతుంటే ఆ అదురుకు ఉండలన్నీ విడిపోయి దూది నురగలా పొంగేది. ఇంటివాళ్లు కావాలన్నంత మందం, మంచానికి సరిపడా కొలత. ముసలాయనకు గట్టిగా, బాలింతకు మెత్తగా కుట్టి ఇచ్చేవారు. బుర్రకథకు వన్నె తెచ్చి 1986లో పద్మశ్రీ అందుకున్న షేక్ నాజర్ గుంటూరు జిల్లా పొన్నెకల్లులో అలాంటి దూదేకుల కుటుంబంలోనే పుట్టారు. ఆయన ఆత్మకథ పేరు 'పింజారి'. దూదేకేవాడని అర్థం. జనం తిట్టుగా కూడా వాడే ఆ మాట వెనక ఇంత పనితనం ఉంది మరి.

ఒకప్పుడు ఈ నల్లరేగళ్లలో కోకనాడ పత్తి లాంటి దేశవాళీ రకాలు పండేవి. వాటి పింజ పొట్టి, ముతక. సన్నని నూలుకు పనికిరాకపోయినా పరుపుకు భేషుగ్గా పనికొచ్చేది. ముతక పోగు నొక్కితే మళ్లీ పైకి లేస్తుంది. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక చేలన్నీ సంకరజాతి పత్తితో నిండాయి. పొడవు పింజ దూది చిలకలూరిపేట చుట్టుపక్కల నూలుమిల్లులకు పోతోంది. పరుపుల్లోకి మిల్లు వ్యర్థాలు, కొన్నిచోట్ల గుడ్డపీలికల్ని చీల్చి తీసిన రంగురంగుల దూది కూడా చేరుతోంది. గుడ్డపీలికల దూది త్వరగా ఉండ కడుతుంది. అందుకే దూది పరుపు కుట్టించేవాళ్లు తయారైంది కొనడం కన్నా దూది ఎదురుగా చూసి, తూకం వేయించి, దగ్గరుండి నింపించుకోవడం మంచిది.

దూది పరుపుకు రెండు మొక్కులున్నాయి. ఒకటి ఎండ. చెమటను పీల్చుకునే గుణం దూదిదే కాబట్టి నెలకోసారైనా మేడమీద ఎండలో వేసి, కర్రతో దులిపి, తిరగేయాలి. తేమ ఆరితే దుమ్ములో బతికే సన్నని పురుగులూ తగ్గుతాయి. ఉబ్బసం ఉన్నవాళ్లింట్లో ఇది తప్పనిసరి. రెండోది ఏకించడం. రెండు మూడేళ్లకోసారి విప్పి ఏకించకపోతే నడుము దగ్గర గుంట పడుతుంది. విల్లు మూలపడినా ఏకుడు యంత్రాల దుకాణాలు పట్టణాల్లో ఉన్నాయి. ఇక బూరుగు దూది సంగతి. తేలిక, మెత్తన. దిండుకు దాన్ని మించింది లేదు గానీ, పరుపుగా పెద్దవాళ్ల నడుమును మోసే శక్తి తక్కువ.

ఫోమా... కాయిరా?
కొబ్బరిపీచుకు రబ్బరు పాలు పట్టించి చేసిన కాయిర్ పరుపు గట్టిగా ఉంటుంది, గాలి ఆడుతుంది. వెల్లకిలా, బోర్లా పడుకునేవాళ్లకు నప్పుతుంది. ఒత్తిగిలేవాళ్లయితే దానిపైన పలచని దూది పరుపు వేసుకోవచ్చు. స్ప్రింగు పరుపుల్లో ఒక్కో స్ప్రింగుకు విడివిడిగా గుడ్డ తొడిగిన రకం ఆలుమగలకు మేలు. ఒకరు దొర్లితే రెండోవాళ్లు ఉలిక్కిపడరు. ఒంటి ఆకారానికి ఒదిగే మెమరీ ఫోమ్‌ను 1960ల్లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా కోసం చేసిన పరిశోధనల్లో కనిపెట్టారు. భుజం, తుంటి నొప్పులవాళ్లకు హాయే. అయితే అది వేడికి మెత్తబడుతుంది, ఒంటి వేడిని పట్టి ఉంచుతుంది. రెంటచింతల ఎండలు తెలిసిన మనం ఏసీ లేని గదికి దాన్ని కొనేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి.

మంచాన్నీ మరిచిపోవద్దు. వదులైన నులకమంచం మీద ఎంత ఖరీదైన పరుపు వేసినా ఉయ్యాలే. పరుపు మార్చేముందు కాళ్లవైపు తాళ్లు బిగించి చూడండి, సగం ఇబ్బంది అక్కడే తీరొచ్చు. ఫోమ్, స్ప్రింగు పరుపులకు చదునైన చెక్కమంచమే కావాలి.

మన వైపు అమ్మాయికి సారెలో మంచం, పరుపు పెట్టడం రివాజు. ఆ కొనుగోలుకు పెద్దలందరూ వెళతారు, దాని మీద పడుకోవాల్సిన ఇద్దరూ తప్ప! అబ్బాయి ఎనభై కిలోలు, అమ్మాయి యాభై అయితే ఒకే పరుపు ఇద్దరికీ ఒకేలా ఉండదు. వాళ్లిద్దర్నీ కూడా కొట్టుకు తీసుకెళ్లండి. కుదరకపోతే ఒక్క పెద్ద పరుపు బదులు ఎవరికి నప్పేది వాళ్లకు, పక్కపక్కన ఆనించే రెండు పరుపులు తీసుకోవచ్చు.

చేలో వంగిన నడుములు
ఇంతసేపూ పరుపు కొనగలిగినవాళ్ల గురించే చెప్పుకున్నాం. సంక్రాంతి దాటితే మన మిరపచేలల్లోకి కర్నూలు వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలే కోతలకు వస్తాయి. పొద్దస్తమానం వంగి కాయ కోసిన ఆడవాళ్లు రాత్రికి చేను పక్కన డేరాలో పట్టామీదే నడుం వాలుస్తారు. మన పరుపుల్లోకి దూది ఏరి ఇచ్చేదీ ఇలాంటి చేతులే. ఇంతకన్నా పరుపు అవసరం ఎవరికుంది?

వాళ్లకు ఖర్చులేని ఉపాయం ఒకటుంది. పట్టామీద బొంతో, పాతదుప్పట్లో నాలుగు మడతలు వేసి పరచాలి. వెల్లకిలా పడుకుంటే మోకాళ్ల కింద, పక్కకు తిరిగితే మోకాళ్ల మధ్య గుడ్డల మూట పెట్టుకోవాలి. ఖాళీ గోనెసంచుల్లో ఎండుగడ్డి కూరి కుట్టినా గట్టినేలకూ నడుముకూ మధ్య అడ్డం ఉంటుంది. మీ చేలో కోతకు వచ్చినవాళ్లకు ఈ మాట చెప్పండి, ఇంట్లో పక్కన పడేసిన బొంతలుంటే ఇవ్వండి. కూలిడబ్బులతో పాటు అదీ లెక్కలోకి వస్తుంది.

కొట్టులో ఏం చేయాలి?
* చెప్పులు విప్పి, మీరు రోజూ పడుకునే తీరులోనే పది పదిహేను నిమిషాలు పడుకోండి. సిగ్గుపడక్కర్లేదు, డబ్బులు మీవి.
* వెల్లకిలా పడుకుని నడుము కింద చెయ్యి దూర్చండి. ఖాళీగా అటూ ఇటూ ఆడితే పరుపు మరీ గట్టిది. అసలు దూరకపోతే మరీ మెత్తనిది. కాస్త ఒరుసుకుంటూ వెళితే సరైనది.
* పక్కకు తిరిగి పడుకుని, వెన్ను గీత గీసినట్టు తిన్నగా ఉందో లేదో వెంట వచ్చినవాళ్లను చూడమనండి.
* మీ ఎత్తు కన్నా అరడుగు పొడవు ఎక్కువుండాలి. మంచం కొలత రాసుకుని వెళ్లండి.
* ఏడాదిలోపు పిల్లలకు ఈ మెత్తదనాలేవీ వద్దు. గట్టిగా, చదునుగా ఉన్న పక్కమీద వెల్లకిలా పడుకోబెట్టాలి. చుట్టూ దిండ్లు, మెత్తని బొంతలు పేర్చొద్దు, ఊపిరికి అడ్డొస్తాయి.

ఒక హెచ్చరిక. నొప్పి కాలిలోకి పాకుతున్నా, తిమ్మిరెక్కుతున్నా, వారాల తరబడి తగ్గకపోయినా అది పరుపుతో తీరే సమస్య కాదు. వెళ్లాల్సింది పరుపుల కొట్టుకు కాదు, డాక్టరు దగ్గరికి.

ఇవాళ ఆదివారం. ఎండ బాగుంటే ముందు ఇంట్లో ఉన్న పరుపును మేడమీదికి ఎక్కించండి. దులిపి, తిరగేసి, సాయంత్రం దించి పరవండి. ఎవరు ఏ పక్కకు పడుకుంటారో ఈ రాత్రి గమనించండి. కొత్తది కొనాలో, ఉన్నదాన్ని ఏకిస్తే చాలో రేపు పొద్దున్నే తేలిపోతుంది.