విస్తరితో పాటు పోయిన పంటితొడుగు

పెళ్ళిబంతిలో కూర్చున్నవాడు నోట్లోంచి ఏదో తీసి కాగితపు రుమాలులో చుట్టి పక్కన పెట్టుకుంటే చూసేవాళ్ళు కట్టుడుపళ్ళనుకుంటారు. కోడుమూరులో మా దాయాదుల ఇంటి పెళ్ళిలో నన్ను చూసీ అలాగే అనుకున్నారు. అనుకోనీ, దానికి నాకు బాధ లేదు. భోజనం ముగించి విస్తరి మడిచి లేచాను. ఆకులెత్తే కుర్రవాడు తన పని తాను చేశాడు. వస్తువు గుర్తుకొచ్చేసరికి పెరటి గుంతలో మూడు బంతుల ఎంగిలాకులు, వాటి మీద కుక్కలు. అరగంట వెతికాను. నీళ్ళలా పారదర్శకమైనది, ఎలా కనబడుతుంది?

(క్లియర్ అలైనర్‌ను ‘పంటితొడుగు’ అంటున్నాను. ఇంతకన్నా మంచి మాట తడితే చెప్పండి, మార్చుకుంటాను.)

మర్నాడు కర్నూలు బస్సెక్కాను. వైద్యశాలలో బల్ల దగ్గరి అమ్మాయి రెండే మాటలు చెప్పింది: పోగొట్టింది మీరు కనుక కొత్తదానికి సొమ్ము కట్టాలి, అది వచ్చేదాకా మూడు వారాలు ఊరికే ఉండండి. మొదటి మాటకు నేను తలవంచుతాను. నా ఆగ్రహమంతా రెండవదాని మీదే.

ఊరికే ఎలా ఉండటం? పంటి వేరును ఎముకతో కట్టి ఉంచే స్నాయువు ఒకటుంది. తొడుగు నొక్కినవైపు ఎముక కరుగుతుంది, వెనకవైపు కొత్తది పుడుతుంది. ఒక్కో తొడుగు పంటిని జరిపేది సుమారు పావు మిల్లీమీటరు. అందుకే రోజుకు 20 నుంచి 22 గంటలు పెట్టుకోమంటారు. కొత్త ఎముక గట్టిపడకముందే ఒత్తిడి తీసేస్తే పన్ను పాత చోటికి బయలుదేరుతుంది. 1997లో అమెరికాలో ఇన్విజలైన్ సంస్థను పెట్టిన జియా చిష్తీకి ఆ ఆలోచన తన పళ్ళు అలా వెనక్కి జరగడం చూసే కలిగిందంటారు. పుట్టుకలోనే తెలిసిన సంగతి మా అమ్మాయికి తెలియకపోయిందా, లేక ఎవరూ చెప్పనే లేదా?

చెయ్యవలసింది చిన్న పని. పోయినదాన్ని అప్పటికే చాలా రోజులు పెట్టుకుని ఉంటే, వైద్యుణ్ణి అడిగి తరవాతిదానికి వెళ్ళవచ్చు. మొదటి రోజుల్లోనే పోతే వెనకటిదాన్ని పెట్టుకుని, పళ్ళను ఉన్నచోట నిలపాలి. నాది తొమ్మిదవది, మూడవ రోజు. ఎనిమిదవది నా పిసినారితనం వల్ల పెన్నుల డబ్బాలో మిగిలింది. పాతవాటిని పారెయ్యవద్దని అంతవరకూ ఒక్కరూ అనలేదు.

"నీ నిర్లక్ష్యాన్ని వాళ్ళ మీద రుద్దుతున్నావు" అంటారేమో. ప్రతి ముద్దకూ, ప్రతి కాఫీకీ తియ్యవలసిన వస్తువు ఏడాది పొడుగునా ఒక్కసారైనా పోకుండా ఉంటుందా? మిరపనారు పోసే రైతు చచ్చిపోయే మొక్కలకని నాలుగు మొక్కలు ఎక్కువే పోస్తాడు. చస్తుందని ముందే తెలుసు కనుక. వీళ్ళకీ తెలుసు. నా పళ్ళ నమూనా కంప్యూటరులో భద్రంగా ఉంది. అచ్చు తీసి, ప్లాస్టిక్ రేకును వేడిచేసి దాని మీదికి లాగితే మరొకటి తయారు. దానికి ధర పెట్టండి, కాదనను. ఆ ధర మొదటి రోజున ఎందుకు చెప్పలేదు? నేను సంతకం పెట్టింది నాలుగు పుటల ఇంగ్లీషు మీద. కోడుమూరు నుంచి వచ్చేవాళ్ళలో ఎంతమంది దాన్ని చదివి పెడతారు?

వైద్యుణ్ణి ఎదురుగా కలిసే పని లేకుండా నేరుగా ఇళ్ళకు తొడుగులు పంపిన స్మైల్ డైరెక్ట్ క్లబ్ 2023 డిసెంబరులో మూతపడింది. చికిత్స మధ్యలో ఆగిపోయింది, వాయిదాలు మాత్రం కడుతూనే ఉండమన్నారు. మనకు ఎదురుగా వైద్యుడున్నాడు, అదృష్టమే. కానీ ఆయన ఫోను ఎత్తడు, బల్ల దగ్గరి అమ్మాయే ఎత్తుతుంది. సొమ్ము తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. అంతదాకా వెళ్ళాలని నాకు లేదు.

మూడు వారాలనుకున్నది నాలుగయింది. ఎనిమిదవది ఉండబట్టి తొమ్మిదవది బిగుతుగానైనా కూర్చుంది. తొడుగు పోతే ఏం చెయ్యాలో, ఎంత కట్టాలో తెలుగులో ఒక కాగితం మీద అచ్చువేసి గోడకు అంటించమని వైద్యశాలకు ఉత్తరం రాశాను. ఇంతవరకూ జవాబు రాలేదు.