తపాలా బిళ్ళపై మన పెద్దల బొమ్మ: తొందర వలదు

నాయకుడొకరు కన్నుమూసి నెల తిరుగకమునుపే, ఆయన బొమ్మతో తపాలా బిళ్ళ వేయించవలెనని మన సంఘములలో తీర్మానములు పుట్టుచున్నవి. వెంటనే చందా పుస్తకము బయలుదేరును. సహకార సంఘపు నిధినుండియే కొంత సొమ్ము తీయరాదా అని అడుగువారును కలరు. పోయినవారియెడ ఈ భక్తి మెచ్చదగినదే. అయినను ఈ తొందర తగదని మా అభిప్రాయము.

మన దేశములో జీవించియున్నవారి బొమ్మ బిళ్ళపై వేయరాదన్నది సామాన్య నియమము. పెద్దల బిళ్ళలు తరచుగా శతజయంతి సందర్భముననో, వర్ధంతి సందర్భముననో వెలువడుచుండును. మినహాయింపులు లేకపోలేదు. 1958 లో కర్వే పండితునికిని, 1960 లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారికిని వారు బ్రదికియుండగనే నూరేండ్ల పండుగకు బిళ్ళలు వచ్చినవి. విశ్వేశ్వరయ్యగారి పూర్వుల ఊరు ఆంధ్రదేశములోనిది. ఆయన పుట్టినది మైసూరు సీమలో. మనవలెనే వలసవచ్చిన ఇంటివారు. నూరేండ్ల జీవితము కన్నులయెదుట నిలిచియుండగా కాదనువారెవరు? నెహ్రూగారు 1964 మే 27న గతింపగా జూన్ 12నే బిళ్ళ వెలువడినది. దేశమంతయు దుఃఖించిన వేళ అది. మినహాయింపు అట్టివారికి చెల్లును. ప్రతి సంఘాధ్యక్షునికి చెల్లదు.

ప్రకాశం పంతులుగారు 1957 లో పోయిరి. వారి బిళ్ళ 1972 లో, శతజయంతికి వచ్చినది. అల్లూరి సీతారామరాజు 1924 లో ప్రాణమిచ్చెను. ఆయన బిళ్ళ 1986 లో గాని రాలేదు. ఆలస్యమువలన వారి పేరు తరిగినదా? అమెరికాలో ఈ గడువు పూర్వము 10 ఏండ్లుండెడిది. 2007 లో దానిని 5 ఏండ్లకు, పిమ్మట 3 ఏండ్లకు దించిరి. గతించిన అధ్యక్షులకు మాత్రము తరువాత వచ్చు తొలి జయంతికే బిళ్ళ వేయుదురు. మాకు వారి పాత పదేండ్ల గడువే నచ్చినది.

ఏలయన, రంగు గట్టిదో కాదో అంగడి బల్లమీద తెలియదు, ఉతికిన పిదప తెలియును. పదేండ్లలో పొగిడినవారు పదవులు దిగుదురు, పోట్లాడినవారు చల్లబడుదురు, సంఘపు లెక్కలు తేలును. అప్పటికిని నేతగాని ఇంట ఎవరి పేరు నిలిచియుండునో వారే బిళ్ళకు తగినవారు.

"మనము పరరాష్ట్రములలో కొద్దిమందిమి. ఇప్పుడు అడుగకున్న రేపు అడుగువారే ఉండరు" అని కొందరందురు. ఈ మాటలో నిజమున్నది. షోలాపురములోను, భివండిలోను, బరంపురములోను మన పిల్లలు తెలుగు చదువుట తగ్గుచున్నది. తాతల సంగతి వారికి చెప్పువారు కరవగుచున్నారు. కాని దీనికి మందు తొందర కాదు, వ్రాసి ఉంచుట. బిళ్ళ కోరువారు ఆయన ఏమి చేసెనో చూపవలెను. పాత మినిట్సు పుస్తకములు చెదలు తినుచుండగా ఏమి చూపగలము?

మరియొక హెచ్చరిక. 2011 నుండి తపాలాశాఖవారు "మై స్టాంపు" అను ఏర్పాటు చేసినారు. రుసుము చెల్లించినచో, ఉన్న బిళ్ళ ప్రక్కన మనమిచ్చిన ఫొటో అచ్చువేసి ఇత్తురు. పెండ్లికొడుకు బొమ్మయు అట్లే వచ్చును. ప్రత్యేక కవరు కూడ వేరు సంగతి. వీనిని చూపి "ప్రభుత్వము బిళ్ళ వేసినది" అని సభ్యులకు చెప్పుట న్యాయము కాదు. చిలప నూలు కొనవలసిన సొమ్ము ఇందులకు వెచ్చించుట అంతకన్న అన్యాయము.

1952 అక్టోబరు 1న సాధుకవుల బిళ్ళలు ఆరు విడుదలయినవి. అందు ముక్కాలణా బిళ్ళ కబీరుదాసుది. ఆయన సాలెమగ్గముపై బ్రదికినవాడు. చందాలు లేకయే, కొన్ని వందల యేండ్ల పిమ్మట, దేశము ఆయనను తలచుకొన్నది. 1955 లో మూడణాల బిళ్ళపై చేతిమగ్గము నేయు నాగా స్త్రీ బొమ్మ వేసిరి. ఆమె పేరు ఎవరికి తెలియును? అరణా బిళ్ళపై మరమగ్గమును కూడ వేసిరనుకొనుడు! పేరులేని ఆ చేతులకు దక్కిన గౌరవము మనందరిది.

కావున మా మనవి యిది. ప్రతి సంఘమును గతించిన పెద్దల జన్మతేదీ, ఫొటో, ఉత్తరములు, వారి కాలపు తీర్మానములు ఒకచోట చేర్చి భద్రపరచవలెను. పదేండ్లు నిండకుండ ఎవరి పేరును బిళ్ళకు ప్రతిపాదింపరాదు. పిమ్మట ఏ ఊరివారు, ఏ పక్షమువారు అను భేదము లేక, సంఘములన్నియు కలిసి ఒక్క పేరే పంపవలెను. సహకార నిధినుండి ఇందులకు ఒక్క రూపాయియు తీయరాదు. రానున్న సర్వసభ్య సమావేశములలో సోదరులు ఈ విషయమును చర్చింతురుగాక.